ఒండ్రు లంక, పగడపు లంక

ఆత్రేయపురంలో పూతరేకు తీసే చోట ఫ్యాను వెయ్యరు. గాలి తగిలితే రేకు కుండ మీంచి లేవకముందే చిరుగుతుంది. సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నం మావయ్యగారి పెరటి వసారాలో అలా చెమటలు కారుతుండగానే కూర్చున్నాం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. అత్తయ్య పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచడం, కుండ వీపు మీద ఒక్కసారి లాగడం, క్షణంలో కట్టిన పొరని వేళ్ళ కొసలతో ఎత్తడం, ఇదే పని. ఎదురుగా మా పిన్ని కూతురు. హైదరాబాద్‌లో ఇంజనీరు ఉద్యోగం మానేసి రెండేళ్ళుగా అండమాన్‌లో స్కూబా డైవింగ్ గైడుగా ఉంటోంది. హేవ్‌లాక్ అనే ఆ దీవికి 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. మా ఇంట్లో మాత్రం ఇంకా ‘ఆ లంక’ అనే అంటారు. మావయ్య హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పిల్లని నిలదియ్యమని పిన్ని ఆయనకి అప్పజెప్పింది.

వాళ్ళిద్దరూ ఆ పూట అనుకున్న మాటలు నాకు గుర్తున్నంతవరకు రాస్తున్నాను.

మావయ్య: అమ్మాయ్, గోదారి గట్టున పుట్టిన పిల్లవి. నీళ్ళంటే ఏంటో నీకు నేను చెప్పక్కర్లేదు. మన దగ్గర నీళ్ళడుక్కి దిగేవాణ్ణి గజ ఈతగాడంటాం. వాణ్ణి ఎప్పుడు పిలుస్తాం? ఎవరో మునిగిపోయాక. 2015 పుష్కరాలకి రేవుల్లో నిలబెట్టారు, రేపు 2027లోనూ నిలబెడతారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగితే, కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి తంటాలు పడితే, అక్టోబరు 22న గానీ అది పైకి రాలేదు. అన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఎవరికీ అన్నం సయించలేదు. నీళ్ళడుగు మనకి అలా తెలుసు. అక్కడికి సరదాకి పోవడం ఏంటి?

అమ్మాయి: ఆ బోటుకి తాళ్ళు కట్టడానికి విశాఖ నుంచి డైవర్లు కూడా వచ్చారు మావయ్యా. వీపున సిలిండర్లు కట్టుకునే దిగారు. నేను నేర్చుకున్నది ఆ విద్యే. కాకపోతే వాళ్ళు దిగింది సుడులు తిరిగే బురద నీళ్ళలోకి. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. నేను దిగేచోట ఇరవై మీటర్ల అవతల చేప కళ్ళు ఆర్పదని కూడా తెలుస్తుంది.

మావయ్య: కనపడితే మాత్రం? ఊపిరి ఎన్ని నిమిషాలు బిగబడతావు?

అమ్మాయి: అసలు బిగబట్టకూడదు. మాకు మొదట నేర్పే నియమం అదే. గజ ఈతగాడికి ఊపిరి బిగబట్టడమే బలం, మాకు అదే ప్రాణాపాయం. పది మీటర్లు దిగితే ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలి, పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. నోరు మూసుకుని పైకొస్తే ఊపిరితిత్తులు చిట్లుతాయి.

మావయ్య: బాయిల్ నియమం. తొమ్మిదో తరగతి వాళ్ళకి నేనే చెప్పాను.

అమ్మాయి: చెప్పారు. నేను ఆ బెంచీలోనే ఉన్నాను. అప్పుడు మార్కుల కోసం బట్టీ పట్టాను, ఇప్పుడు రోజూ నా ఛాతీలో జరుగుతోంది. పదకొండు లీటర్ల సిలిండర్‌లో గాలిని రెండొందల రెట్లు కుక్కుతారు. అంటే 2200 లీటర్లు. పైన నిమిషానికి ఇరవై లీటర్లు పీల్చే మనిషి పది మీటర్ల కింద నలభై వాడతాడు. అందుకని దాదాపు గంటలోపే తిరిగి రావాలి. పైకి నిమిషానికి తొమ్మిది మీటర్లకి మించకుండా రావాలి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. రక్తంలో కరిగిన నత్రజని మెల్లిగా బయటికి పోవాలి కదా. పోకపోతే సోడా సీసా మూత తీసినట్టే లోపల బుడగలు కడుతుంది. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు, మనిషి పీల్చినప్పుడే పీల్చినంత గాలి ఇచ్చే పరికరం తయారుచేశారు. ఈ విద్య అంతా దాని మీద నిలబడింది. ప్రమాదం లేదని నేను అనను. లెక్క తప్పితేనే ప్రమాదం. కాలవలో లాకు తలుపులు లెక్క లేకుండా ఎత్తినా అంతే కదా.

మావయ్య లొల్ల లాకుల వైపు చూశారు. ఇంటి నుంచి కనపడవు గానీ, ఆ దిక్కుకి చూడటం ఆయనకి అలవాటు. ఇక ఆడపిల్ల, ఒంటరితనం, పెళ్ళి అని మొదలుపెడతారనుకున్నాను. పిన్ని అప్పజెప్పింది ఆ పనే. ఆయన అటు పోలేదు.

మావయ్య: సరే. నీ ప్రాణం గురించి నీకు శ్రద్ధ ఉంది, ఒప్పుకున్నాను. ఇప్పుడు దాని ప్రాణం గురించి చెప్పు.

అమ్మాయి: దేని ప్రాణం?

మావయ్య: పగడం ప్రాణం. మీ అత్తయ్య మంగళసూత్రంలో రెండు పగడాలున్నాయి చూశావా? జనానికి పగడమంటే అదే. కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే రాయి. అది రాయి కాదనీ, ప్రధానంగా మధ్యధరా సముద్రంలో పెరిగే ఓ జంతువు గూడనీ చెబితే మీ అత్తయ్యే నమ్మలేదు. నువ్వు చూపించే పగడపు దిబ్బ కట్టేది దాని దూరపు చుట్టం. గోరంత కూడా లేని జీవి. దాని ఒంట్లో ఇంకో చిన్న శైవలం కాపురం ఉంటుంది. అది ఎండ తాగి అన్నం వండుతుంది, ఇది సున్నంతో ఇల్లు కడుతుంది. గుండ్రంగా పెరిగే పగడం ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు, మహా అయితే ఒకటి రెండు సెంటీమీటర్లు. అంటే నీ పొడుగు దిబ్బ మీ ముత్తాత పుట్టకముందు మొదలై ఉంటుంది. దాని మీదికి రోజూ బోట్లలో జనాన్ని తీసుకెళ్ళి దించుతున్నావు. నాకున్న అభ్యంతరం అదొక్కటే.

అత్తయ్య మెడలో చెయ్యి పెట్టుకుని పగడాలు తడుముకుంది. “ఇవి కూడా ప్రాణమున్నవేనా?” అంది. ఒకప్పుడు ఉన్నవేనన్నారు మావయ్య. “నీళ్ళలో ఇవి ఎర్రగా కనపడవు అత్తయ్యా, ఐదారు మీటర్లు దిగేసరికి ఎరుపు పోతుంది, నీ బొట్టు కూడా నల్లగా అగుపిస్తుంది” అంది అమ్మాయి. అత్తయ్యకి ఆ మాట నచ్చలేదు.

అమ్మాయి: మావయ్యా, మీరు పుస్తకంలో చూసి చెబుతున్నారు. నేను ఒక్కటి చెబుతాను, వినండి. కింద నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు. ఉండదు. పోపులో ఆవాలు పేలినట్టు చిటపటలాడుతూనే ఉంటుంది. చిటికెన వేలంత రొయ్యలు గోళ్ళు టక్కున మూస్తే వచ్చే చప్పుడు అది. దాని మధ్యలో కరకరమని ఇంకో చప్పుడు. చిలకచేప పగడాన్ని కొరికి నములుతుంది. నమిలిన సున్నాన్ని ఇసుక చేసి వెనక నుంచి వదులుతుంది. పెద్ద చేప అయితే ఏడాదికి వందల కిలోలు. ఆ తెల్లటి బీచిలో ఫోటోలు దిగేవాళ్ళు చాలావరకు నిలబడింది దాని మీదే. సముద్రం అడుగులో ఒక్క శాతం కూడా లేని చోట, సముద్రపు జీవజాతుల్లో నాలుగో వంతు ఉంటుంది. ఇది చూసి పైకొచ్చిన మనిషి మళ్ళీ పాత మనిషిలా ఉండడు. చూడనివాడు దేన్ని కాపాడతాడు?

మావయ్య: చూసినవాళ్ళు కాపాడేదైతే, గోదారిని మించి కాపాడబడ్డ నది ఉండకూడదు. రోజూ చూస్తూనే ఉన్నాం.

దీనికి ఆ పిల్ల దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నా దగ్గరా లేదు.

మావయ్య: థాయ్‌లాండ్‌లో మాయా బే అని ఒక చిన్న తీరం ఉంది. 2000లో ఏదో సినిమాలో చూపించారని ప్రపంచమంతా అక్కడికే పోయింది. రోజుకి వేలమంది. పడవల లంగర్లు, కాళ్ళు, ఒంటికి రాసుకున్న క్రీములు. పగడం చాలావరకు పోయింది. 2018 జూన్‌లో మూసేసి మళ్ళీ 2022 జనవరిలో గానీ తెరవలేదు. తెరిచాక కూడా నీళ్ళలో ఈత కొట్టనివ్వలేదు. మూసినప్పుడు ఏమొచ్చాయో తెలుసా? ఎన్నాళ్ళుగానో కనపడని సొరచేపలు తిరిగొచ్చాయి. వాటికి గైడు అక్కర్లేకపోయింది.

అమ్మాయి: మాయా బే నాకూ తెలుసు. అక్కడ ముంచింది గుంపు మావయ్యా, డైవర్ కాదు. మీరు బొనైర్ గురించి కూడా చెప్పాలి. కరీబియన్‌లో చిన్న దీవి. 1979లోనే చుట్టూ ఉన్న సముద్రాన్ని పార్కు చేసేశారు. డైవర్ దగ్గర రుసుము తీసుకుని ఆ డబ్బుతో పార్కు నడుపుతారు. ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే, ముందు ఒక పరీక్ష డైవ్ చెయ్యాలి. చేతి తొడుగులు వేసుకోనివ్వరు, ఎందుకంటే తొడుగుంటే పట్టుకోబుద్ధవుతుంది. అంతదూరం ఎందుకు, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర వండూరులో 1983 నుంచి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కు ఉంది. అందులో జాలీబాయ్ దీవి తెరిచిన నెలల్లో రెడ్‌స్కిన్ మూస్తారు, ఇది తెరిస్తే అది మూస్తారు. దీవికి కూడా సెలవివ్వాలన్న జ్ఞానం మనవాళ్ళకుంది. పగడం ముక్క విరిచి ఇంటికి తేవడం మన వన్యప్రాణి చట్టం కింద నేరం, పులికిచ్చిన రక్షణే దానికీ ఇచ్చారు. ఇంకో మాట. పగడాన్ని అసలు చంపుతున్నది వేడి. నీళ్ళు మామూలు వేసవి కన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, లోపలున్న శైవలాన్ని పగడం వెళ్ళగొట్టేస్తుంది. రంగు పోయి తెల్లటి ఎముకలా అవుతుంది. 1998, 2010, మళ్ళీ 2014 నుంచి 2017. అండమాన్ 2010లోనూ, 2016లోనూ తెల్లబడింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా నాలుగోసారి మొదలైందని చెప్పారు. ఆ వేడి నేను కాళ్ళకి తొడుక్కునే ఫిన్ల నుంచి రాలేదు కదా.

మావయ్య: రాలేదు. ఒప్పుకుంటాను. కానీ జ్వరంతో ఉన్నవాణ్ణి చూడ్డానికి వెయ్యిమందిని పంపుతామా? పథ్యం పెట్టి, తలుపు వేసి పడుకోబెడతాం. 2004 సునామీ నాటి భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, దిబ్బలకి దిబ్బలే నీళ్ళలోంచి బయటపడి ఎండకి చచ్చాయి. దాన్ని మనం ఆపలేం. సముద్రం వేడెక్కడం ఒక్కరోజులో ఆపలేం. ఆపగలిగింది ఏంటి? మన కాలు. అదైనా ఆపాలి కదా.

జ్వరం మాట దగ్గర నేను పూర్తిగా మావయ్య పక్షం అయిపోయాను. ఆ పిల్ల కూడా కాసేపు మాట్లాడలేదు. రేకుల దొంతర మీద గుడ్డ సర్దింది. తర్వాత చెప్పింది నేను ఊహించనిది.

అమ్మాయి: ఒక కొమ్మ నేనే విరిచాను.

మావయ్య: ఏంటీ?

అమ్మాయి: ఉద్యోగంలో ఉన్నప్పుడు, స్నేహితులతో మొదటిసారి వెళ్ళినప్పుడు. ఒక కేంద్రంలో అరగంట మాటలు చెప్పి, తెల్లారుజామునే నీళ్ళలో దింపేశారు. ఆ కేంద్రం పేరెందుకు గానీ, ఒక్క గైడు, మేం నలుగురం. నాకు తేలడం రాదు. ఆయన వెనక నుంచి సిలిండర్ పట్టుకుని సామాను తోసినట్టు తోసుకుపోతున్నాడు. ఫోటో కోసం దిబ్బ పక్కన నిలబెట్టాడు. నేను భయపడి కాళ్ళు కొట్టాను. ఫిను తగిలి జింక కొమ్ములాంటి పగడం ఒకటి చేతి వేలంత విరిగింది. కిందికి మెల్లిగా పోయింది, ఆకు రాలినట్టు. విరిగిన చోట తెల్లగా. ఆయన నా వైపు చూసి బాగుంది అన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఫోటోలో నేను నవ్వుతూనే ఉన్నాను. ఆ ఫోటో ఎవరికీ చూపించలేదు. ఉద్యోగం మానేసింది దానికోసమే అంటే అమ్మకి అర్థం కాదు.

అత్తయ్య గుడ్డ ముంచడం ఆపింది. మంట తగ్గింది.

అమ్మాయి: మీరన్న కాలు నాదే మావయ్యా. అందుకే తర్వాత నేర్చుకోవడానికి వెళ్ళాను. నీళ్ళలో తేలడమంటే ఊపిరితో తేలడం. పీల్చితే జానెడు లేస్తాం, వదిలితే జానెడు దిగుతాం. చేతులు కదపకుండా, దిబ్బకి బారెడు ఎత్తున ఊపిరితోనే నిలదొక్కుకుంటూ చుట్టూ తిరగాలి. అది రావడానికి నాకు ఇరవై డైవులు పట్టింది. ఆ విద్య రానివాళ్ళని దిబ్బ దగ్గరికి తీసుకెళ్ళకూడదని పోట్లాడుతున్నది ఈ రెండేళ్ళూ నేనే. నేను వచ్చేస్తే ఆ చోట ఇంకో గైడు ఉంటాడు. నలుగురినీ తోసుకుపోయేవాడు. మీరు తలుపు మూయమంటున్నారు. తలుపు మన చేతిలో లేదు. అక్కడికి విమానాలున్నాయి, విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. 2011 జనాభా లెక్కల్లోనే అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు 13 శాతం. మా బోటు నడిపే అబ్బాయి తాత శ్రీకాకుళం నుంచి చేపల వేటకి వెళ్ళి స్థిరపడ్డాడు. ఆ దిబ్బలే లేకపోతే ఆ చేప లేదు, ఆ ఇల్లు లేదు. నీళ్ళు వేడెక్కినప్పుడు ఫలానా చోట పగడం పాలిపోతోందని ముందు చెప్పేది కూడా రోజూ దిగేవాళ్ళమే. అందరినీ ఆపితే ఆ కబురు తెచ్చేదెవరు?

మావయ్య: నువ్వు వచ్చెయ్యమని నేనన్నానా ఇప్పుడు?

అమ్మాయి: అనలేదు.

మావయ్య: అనను. కానీ నా మాట వెనక్కి తీసుకోను. మన కోనసీమ అంతా గోదారి తెచ్చిన ఒండ్రు. ఆ ఒండ్రు వల్లే అన్నం తింటున్నాం. ఆ ఒండ్రు వల్లే మన సముద్రంలో పగడపు దిబ్బ లేదు. నీళ్ళు మసకైతే ఎండ అందదు, పైన బురద కూర్చుంటే దాని నోరు మూసుకుపోతుంది. కాకినాడ ఎదురుగా హోప్ దీవి చూడు, గోదారి ఇసుక పోసి రెండొందల ఏళ్ళలో కట్టేసింది. కొట్టుకుపోతే మళ్ళీ కడుతుంది. నీ లంక చుట్టూ ఉన్న దిబ్బ అలాంటిది కాదు. చీమ తలంత ప్రాణులు వేల ఏళ్ళు కట్టిన గోడ అది. మన లంకల్లో పెరిగినవాళ్ళకి నేలంటే మళ్ళీ వస్తుందన్న ధీమా ఉంటుంది. ఆ ధీమాతో అక్కడ కాలు పెట్టకూడదు. ఫిను కొట్టి లేపిన ఇసుక కూడా దానికి వరదే.

అమ్మాయి: మొదటిసారి దిగేవాళ్ళకి ఆ మాటే చెబుతాను. మీ పేరు చెప్పి చెబుతాను.

అప్పుడు అత్తయ్య కల్పించుకుంది. ముప్పై ఏళ్ళుగా రేకులు తీసిన మనిషి. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో వేసిన రోజున కూడా మధ్యాహ్నం దాకా కుండ ముందే ఉంది.

“నువ్వు పదేళ్ళప్పుడు రేకు తీస్తానని ఏడిచావు, గుర్తుందా? ఎన్ని చించావు?”

“బుట్టెడు.”

“ఆ బుట్టెడూ ఏం చేశాం? బెల్లం కలుపుకుని మనమే తిన్నాం. చేతికి వచ్చేదాకా ఎవ్వరికీ అమ్మే రేకు నీ చేత తీయించలేదు. నేర్చుకునేటప్పుడు చినిగితే ఇంట్లోవాళ్ళం తింటాం. మరి అది విరిగితే ఎవరు తింటారే?”

ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి లేచి కొబ్బరాకు ఎగదోసి, అత్తయ్య పక్కన కూర్చుని గుడ్డ అందుకుంది. మొదటి రేకు చిరిగింది. రెండోది లేచింది. దాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే అవతలున్న అరటిచెట్టు కనపడుతోంది.

ఆ రాత్రి నేను ఆ పిల్లని కూర్చోబెట్టి, మన ఊరివాళ్ళు ఎవరైనా అండమాన్ వెళ్తే ఏం అడగాలో రాయించుకున్నాను. సంవాదంలో ఎవరిది పైచెయ్యి అని అడిగితే నా తీర్పు అత్తయ్య పక్షం. చించినా పరవాలేని చోటే నేర్చుకోవాలి. అలాంటి చోటు నీళ్ళలోనూ ఉంది. పగడం లేని ఉత్త ఇసుక నేల.

అందుకని ఈ సెలవులకి అండమాన్ టికెట్లు కొనుక్కున్నవాళ్ళకి నా విన్నపం. డబ్బు కట్టేముందు ఒక గైడుకి ఎంతమంది అని అడగండి. కొత్తవాళ్ళు ఇద్దరికి మించితే ఇంకోచోటికి పోండి. ముందు ఇసుక మీద తేలడం నేర్పి, అది వచ్చాకే దిబ్బ దగ్గరికి తీసుకెళ్తారా అని అడగండి. అలా కుదరదంటే, లేదా అంత టైము లేదంటే, దిగకండి. పోర్ట్‌బ్లెయిర్ దగ్గర అడుగున అద్దం ఉన్న పడవలున్నాయి, పైనుంచి చూసి రండి. దిగినవాళ్ళు ఆఖరి డైవ్ అయ్యాక కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కండి.